ఏడో ఎక్కం రైల్వే గేటు దాకా

మా బడిలో చదువును చెవితో కొలిచేవాళ్ళు. పిల్లలకు ఏం వచ్చు, ఏం రాదు అన్నది తర్వాతి సంగతి. ముందు గట్టిగా వినిపించాలి. హెడ్మాస్టరు తన గదిలో కుర్చీ వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ఏ క్లాసు ఎంత అరుస్తోందో వింటూ ఉండేవారు. అరుపు ఆగిన క్లాసుకు మాత్రం లేచి వచ్చేవారు. "ఏం టీచర్, పాఠం నడవడం లేదా?" అని తమిళంలో అడిగేవారు. నిశ్శబ్దంగా ఉన్న క్లాసులో చదువు జరగడం ఆయన తన సర్వీసు మొత్తంలో చూడలేదట.

తొంభైల్లో సంగతి ఇది. కోవిల్‌పట్టికి కొద్ది దూరంలో, నల్లరేగడి చేల మధ్య, రైలు పట్టాల పక్కనున్న ఊళ్ళో ఆ ప్రాథమిక పాఠశాల. నేను రెండో తరగతి టీచరును. రెండుకీ మూడుకీ కలిపి ఒకటే హాలు. మధ్యలో గోడ లేదు. రెండు నల్లబల్లలను వీపుకు వీపు ఆనించి నిలబెట్టి, ఇటు రెండో తరగతి, అటు మూడో తరగతి అనుకునేవాళ్ళం. మూడో తరగతి సారు ఊరి కబడ్డీ పోటీలకు మైకు లేకుండా వ్యాఖ్యానం చెప్పగల మనిషి. ఆయన పిల్లలు తిరుక్కురళ్ అందుకుంటే నేను ఎక్కాలు అందుకునేదాన్ని. ఆయన పెంచితే నేనూ పెంచేదాన్ని. మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి ఇద్దరి గొంతులూ బొంగురుపోయేవి, ఇద్దరం మంచి టీచర్లమని పేరు తెచ్చుకునేవాళ్ళం.

నిజం చెప్పాలి, నాకు ఆ కోరస్ అంటే ప్రాణం. యాభై మంది పిల్లలు ఒక్క గొంతుతో "ఈరెండు నాలు" అని తమిళంలో రెండో ఎక్కం చెబుతూ ఊగుతుంటే, ప్రపంచంలో ఏ లెక్కా తప్పదన్న ధైర్యం వచ్చేది. ఒకరోజు రైల్వే గేటుమన్ నన్ను ఆపి, "టీచర్, మీ ఏడో ఎక్కం ఇక్కడిదాకా వినిపిస్తుంది. అది అయ్యేసరికి ప్యాసింజర్ వస్తుంది, నేను గడియారం చూడడం మానేశాను" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పానో, చివరికి మా ఆయన నేను నోరు తెరవగానే "ప్యాసింజర్ వచ్చింది" అనేవాడు.

నాది కడంబూరు దగ్గర ఒక రేగడి పల్లె. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఈ తెలుగు అక్షరాలు నేను నలభై దాటాక, ఒకటో తరగతి వాచకం తెప్పించుకుని నేర్చుకున్నవి. కాబట్టి ఎక్కడైనా రాత వంకరగా ఉంటే చిన్నపిల్ల రాసిందనుకుని క్షమించండి.

మా క్లాసులో ఒక పిల్ల మూడేళ్ళుగా రెండో తరగతిలోనే ఉండేది. ఊరి చివరి కాలనీ నుంచి వచ్చేది. వాళ్ళ ఇంట్లోనూ తెలుగే. కానీ వాళ్ళ తెలుగూ మా తెలుగూ వేర్వేరు వీధుల్లో కాపురం ఉండేవి. బడిలో ఆ పిల్లతో ఒక్కసారైనా తెలుగులో మాట్లాడాలని నాకు తోచలేదు. వాళ్ళమ్మ అగ్గిపెట్టె ఆఫీసులో పని చేసేది. మా వైపు ఫ్యాక్టరీ అనరు, ఆఫీసు అంటారు. తెల్లారేసరికి ఆఫీసు వ్యాను వచ్చేది, అందులో పెద్దలతో పాటు మా బడి వయసు ఆఫీసర్లు కూడా ఎక్కేవాళ్ళు. ఇంటిదగ్గర అవ్వ ఖాళీ పెట్టెలు అంటించేది.

ఆ పిల్ల కోరస్‌లో అందరితో పాటు పెదవులు కదిపేది. చక్కగా ఊగేది. బల్ల మీదున్నది పలకలోకి ముత్యాల్లా ఎక్కించుకునేది. డిక్టేషన్ చెబితే మాత్రం పక్కదాని పలకలోకి తొంగి చూసేది. దొంగచూపులని రెండుసార్లు చెవి మెలిపెట్టాను కూడా. ఏ చెవి అన్నది గుర్తులేదు. రెండూ ఒకటేనని అప్పటికి తెలియదు.

అది ఇన్‌స్పెక్షన్ రోజు తెలిసింది. ఇన్‌స్పెక్షన్‌కు మా బడికో పద్ధతి ఉంది. రోజూ ఎవరెక్కడ కూర్చున్నా, ఆ రోజు మాత్రం శుభ్రమైన గౌను, నున్నగా దువ్విన తల ఉన్నవాళ్ళు ముందు వరస. చీమిడి ముక్కులు మధ్యలో. ఎంత చెప్పినా రానివాళ్ళు గోడ వారన. ఆ పిల్లకు వాళ్ళ అవ్వ నూనె పెట్టి రెండు జడలు బిగించి, కనకాంబరాలు తురిమి పంపింది. నేనే చెయ్యి పట్టుకుని ముందు వరసలో కూర్చోబెట్టాను. రోజూ ముగ్గురి వెనక కూర్చునే పిల్లకు ఆ రోజు ఎదురుగా నల్లబల్ల తప్ప ఇంకేమీ లేదు. ఆ బల్ల మీద నేను రంగు చాక్‌పీసులతో ఏడో ఎక్కం రాశాను.

కోరస్ మంచి ఊపులో ఉండగా అధికారి వెనక తలుపులోంచి వచ్చారు. పిల్లలందరూ లేచి, అటు తిరిగి, "వణక్కం అయ్యా" అని ఇటుకలు రాలేట్టు అరిచారు. ఒక్క పిల్ల లేవలేదు. వెనక్కి తిరగలేదు. బల్ల వైపే చూస్తూ, ఊగుతూ, పెదవులు కదుపుతూ ఉంది. పొగరనుకుంటారేమోనని భయపడ్డాను. అధికారి మెల్లగా ఆమె వెనక్కి నడిచి వచ్చి, వంగి చూసి, "అధికారి వచ్చినా పాఠం వదలడం లేదు! ఇదీ శ్రద్ధంటే!" అని మెచ్చుకుంటూ ఆమె తల వెనకే రెండు చేతులూ చరిచారు. పిల్ల కదల్లేదు. ఆయనకు ఇంకా ముచ్చటేసి ఇంకా గట్టిగా చరిచారు. అప్పుడూ కదల్లేదు. ఏడు ఎనిమిదుల దగ్గర ఉంది. అంత దగ్గరగా నిలబడ్డాక నాకూ తెలిసింది, ఆ పెదవుల్లోంచి చిన్న శబ్దం కూడా రావడం లేదు.

చివరికి ఆయన తల మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి, పలక కింద పడేసి, అందరినీ వెర్రిచూపులు చూసింది. ఆయన వెళ్తూ వెళ్తూ తనిఖీ పుస్తకంలో రాశారు: "రెండో తరగతి బాలిక ఏకాగ్రత ప్రశంసనీయం. పిలిచినా తల ఎత్తదు. ఇందుకు కారణమైన ఉపాధ్యాయురాలికి అభినందనలు." హెడ్మాస్టరు దాన్ని అందమైన దస్తూరీతో ఎత్తి రాయించి నోటీసు బోర్డులో గుచ్చారు.

ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఆ పిల్లను ఆపి, వెనకనుంచి బీరువా తాళాలగుత్తి నేలకేసి కొట్టాను. అటు పక్క మూడో తరగతి సారు "ఏమైంది?" అని పరిగెత్తుకొచ్చారు. ఆమె మాత్రం తన సంచి సర్దుకుంటూ ఉంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని సామెత చెబుతూ ఎంతమందినో ఎగతాళి చేశాను. మూడేళ్ళుగా ఊదుతున్నదాన్ని నేనే. ఏడుపొచ్చింది. సారు ముందు ఏడవడం ఇష్టం లేక, చాక్‌పీసు పొడి కంట్లో పడిందన్నాను.

మర్నాడు వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆ వీధిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. అవ్వ చేతి గోందు చీర కొంగుకు తుడుచుకుని లేచింది.

"అవ్వా, పాపకు చెవి వినబడదా?" అన్నాను తెలుగులో.

అవ్వ బిత్తరపోయింది. నేను అడిగిన ప్రశ్నకా, అడిగిన భాషకా తెలియదు. "అయిదేండ్లప్పుడు జొరమొచ్చింది టీచర్. ఆమీద సెవుల్లో సీము కారె. దగ్గిరగా వచ్చి అరిస్తే రవంత ఇంటాది. పళ్ళికూడంలో సెప్తే బడికి సేర్సుకోరని మేమే సెప్పలే. అదీ సెప్పదు, శానా తెలివి."

అంతలో వాళ్ళమ్మ వ్యాను దిగి వచ్చింది. నన్ను చూసి గడప దగ్గరే ఆగింది. నేను ఏదో అనేలోపే సంతోషంగా చెప్పింది. "బడికొచ్చిన ఆఫీసర్ రాసినారంట గదా టీచర్, మా పాప తల ఎత్తదని. మా ఆఫీసు లెక్కలు సూసే కణక్కుపిళ్ళై కాడ సెప్పినా. అట్టాంటి పిల్లే కావాల, వచ్చే జూన్‌లో పంపీమన్నాడు. అగ్గికట్టెలు చట్రంలో పేర్చేకాడ మాటాడకుండా, ఆడా ఈడా సూడకుండా కూర్చునే పిల్ల యాడ దొరుకుతాది?"

నా అభినందన పత్రం నేరుగా అగ్గిపెట్టె ఆఫీసులో ఉద్యోగ సిఫారసు అయి కూర్చుంది. "ఒక్క ఏడాది ఆగమ్మా, చెవికి ఏదన్నా చేద్దాం" అన్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. ఆమె గడప దాటి లోపలికి వచ్చి, "ఒక ఏడాది టీచర్. మీ మొగం సూసి. ఆమీద అడగకండి" అంది.

హెడ్మాస్టరుకు సంగతి చెప్పి, పిల్లకు చెవుడని పైకి రాద్దామన్నాను. ఆయన నోటీసు బోర్డు వైపు చూశారు, నా వైపు చూశారు. "టీచర్, ఆ పిల్లకు ఏకాగ్రత ఉందని అధికారి స్వయంగా రాశారు. ఇప్పుడు చెవుడని మనం రాస్తే, ఆయనకు కళ్ళు లేవని రాసినట్టు కాదా? కొన్నాళ్ళు ఏకాగ్రతే ఉండనివ్వండి" అన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా దగ్గర రోగం దేవుడిచ్చినా హెడ్మాస్టరు ఇవ్వలేదు.

జూన్‌లో ఒక సర్క్యులర్ వచ్చింది. ప్రత్యేక అవసరాల పిల్లలకు చదువు చెప్పడానికి ఇష్టపడే టీచర్లకు మూడు నెలల శిక్షణ, విరుదునగర్‌లో. మా టీచర్లలో అది పనిష్మెంటు కింద లెక్క. హెడ్మాస్టరుతో ఎవరు పోట్లాడితే వాళ్ళ పేరు ఇచ్చే ఏర్పాటు. నేను స్టాఫ్ రూంలో చెయ్యెత్తి నా పేరు రాయమన్నాను. "ఇంట్లో ఏమన్నా గొడవా?" అని ఒకావిడ చెవిలో అడిగింది. మా అత్తగారు మరీ బాధపడ్డారు. "ఎవురైనా అయిదో క్లాసుకు పోవాలంటారు, పెద్ద ఇస్కూలికి పోవాలంటారు. నువ్వేంది, సెవిటోళ్ళ కాడికి కిందికి పోతావు? సుట్టాలకు ఏమని సెప్పేది?" అన్నారు. మా ఆయన మాత్రం, "వాళ్ళకైతే నీ ఎక్కాలు వినబడవు, పావం, బతికిపోతారు" అన్నాడు.

మూడు నెలలు పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి విరుదునగర్ వెళ్ళాను. మధ్యాహ్నం నూనెలో వేయించిన పరోటా, సాయంత్రం అజీర్తి, మధ్యలో శిక్షణ. మొదటి రోజే లెక్చరర్ గారు ప్రతి పిల్లనూ విడివిడిగా చూసుకోవడం ఎంత ముఖ్యమో చెప్పారు. చెప్పి, మా చేత ఆ వాక్యం పలికించారు. అరవై మంది టీచర్లం ఒక్క గొంతుతో, ఊగుతూ, "ప్రతి పిల్లా వేరు" అని అరిచాం. గొంతులు కలవకపోతే మళ్ళీ అరిచాం. మా కోరస్ బస్టాండు దాకా వినిపించి ఉంటుంది.

నిజంగా పాఠం నేర్పింది వినికిడి పరీక్షలు చేసే ఒక పెద్దావిడ. మాటలు తక్కువ మనిషి. ఒకరోజు మా అందరి చెవుల్లో దూది కుక్కి, పైన మైనం అద్ది, ఆ లెక్చరర్ గారి క్లాసులోనే గంటసేపు కూర్చోబెట్టింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత చిరాకేసింది. తర్వాత అందరూ ఏదో పలుకుతున్నారని కనిపించింది. నన్ను ఎక్కడ పట్టుకుంటారోనని పక్కావిడ నోరు చూసి నా పెదవులు కదపసాగాను. ఎవరూ చెప్పకుండానే. అది గమనించి ఆగిపోయాను. ఆ పిల్ల మూడేళ్ళు రోజుకు అయిదు గంటలు ఈ భయంలో కూర్చుందని అప్పుడు తెలిసింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. బహుశా నాకూ ఏకాగ్రత కుదిరిందని అక్కడ ఎవరైనా రాసి ఉంటారు.

ఆ పెద్దావిడే, వినికిడి యంత్రాలిచ్చే శిబిరం విరుదునగర్‌లో పెడుతున్నారని చెప్పింది. పేర్లు రాసుకునే గుమాస్తా, "పిల్ల ఏ జిల్లా?" అన్నాడు. కోవిల్‌పట్టి అంటే తూత్తుకుడి జిల్లా. "అయితే తూత్తుకుడిలో శిబిరం పెట్టినప్పుడు రండి" అన్నాడు. ఎప్పుడు పెడతారంటే, అది తనకు సంబంధం లేని జిల్లా అన్నాడు. చెవుడు జిల్లాల వారీగా వస్తుందని నాకు శిక్షణలో చెప్పలేదు.

అవ్వకు ఈ సంగతి చెబితే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "మా చెల్లి తిరుత్తంగల్‌లో ఉండాది. వాళ్ళ రేషను కార్డులో దీని పేరు కూడా రాసుండాది, చక్కెర కోసరం" అంది. తిరుత్తంగల్ విరుదునగర్ జిల్లా. ఆ ఒక్క రోజుకు ఆ పిల్ల తిరుత్తంగల్ పిల్ల అయింది. ఎవరైనా ఊరు అడిగితే ఏం చెప్పాలో దారి పొడుగునా అవ్వ చెవిలో అరుస్తూ నేర్పింది. రైలు పెట్టెలో అందరికీ కంఠతా వచ్చింది. తీరా అక్కడ ఎవరైనా ఏదైనా అడిగితే పిల్ల కళ్ళు మిటకరించి ఊరుకునేది, వాళ్ళు చెవుడని రాసుకునేవాళ్ళు. అబద్ధమాడుతున్నానన్న బెరుకు నాకుంది కానీ పశ్చాత్తాపం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

కొన్ని నెలలకు యంత్రం వచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద డబ్బా, దాన్నుంచి చెవికి ఒక తీగ. అవ్వ పాత రవికె గుడ్డతో సంచి కుట్టి మెడలో వేసింది. అవ్వ దాన్ని "రేడియో" అనేది. అప్పటికి నేను ప్రత్యేక టీచరునై బడికి తిరిగి వచ్చాను. నాకిచ్చిన గది, మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాల గది. బియ్యానికి అడ్డం రాకుండా చదువు చెప్పుకోమన్నారు.

యంత్రం పెట్టుకుని పిల్ల మొదటిసారి బడికి వచ్చిన రోజు నాలో పాత టీచరు మేలుకుంది. మూడేళ్ళు వినకుండా పోయిన నా ఏడో ఎక్కాన్ని ఆమె వినాలి! ఆమెను హాలులో కూర్చోబెట్టి, రెండో తరగతికి సైగ చేశాను. పిల్లలు అందుకున్నారు. అవతల మూడో తరగతి సారు ఊరుకుంటారా? ఆయనా అందుకున్నారు. నేను ఆమె మొహమే చూస్తున్నాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. చుట్టూ చూసింది. రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. మెల్లగా నా దగ్గరికి వచ్చి, నా కొంగు లాగి, ఆ ముద్దమాటలతో భయంగా అడిగింది.

"టీచర్, ఎవురు సచ్చిపోయినారు?"

వాళ్ళ వీధిలో ఇంతమంది కలిసి, ఊగుతూ, గొంతెత్తి అరిచేది శవం ముందే. నేను చెయ్యెత్తి కోరస్ ఆపించాను. అవతలి సారు కూడా ఎందుకో ఆగారు. బడి మొత్తం నిశ్శబ్దమైపోయింది. పట్టాల మీద ప్యాసింజర్ పోతున్న చప్పుడు వినిపించింది. పిల్ల తల అటు తిప్పి, "అది రైలా?" అంది. నేను ఔనని తల ఊపాను. హెడ్మాస్టరు పరిగెత్తుకొచ్చి, "ఏం టీచర్, పాఠం నడవడం లేదా?" అన్నారు. ఇప్పుడే మొదలైందండీ అన్నాను.

ఆ తర్వాత ఆమెకు పట్టపగ్గాలు లేవు. కాకి అరిస్తే లేచేది. గిన్నె పడితే వెళ్ళి చూసి వచ్చేది. సైకిల్ గంట, మేక, పంపు చప్పుడు, అన్నీ నాకు తెచ్చి అప్పజెప్పి పేర్లు అడిగేది. నేను తెలుగులోనూ తమిళంలోనూ చెప్పేదాన్ని. వేసవికి ముందు అదే అధికారి మళ్ళీ తనిఖీకి వచ్చారు. ఆయన చెప్పుల చప్పుడు విని అందరికంటే ముందు లేచి "వణక్కం" అన్నది ఆ పిల్లే. ఆయన ఆమెను గుర్తుపట్టి చాలా బాధపడ్డారు. పుస్తకంలో, "బాలిక ఏకాగ్రత తగ్గినది. ప్రతి శబ్దానికీ తల ఎత్తుచున్నది. ప్రత్యేక ఉపాధ్యాయురాలు శ్రద్ధ తీసుకోవలెను" అని రాశారు. కింద సంతకం పెట్టమంటే, నా జీవితంలో ఎన్నడూ పెట్టనంత సంతోషంగా పెట్టాను.

కానీ ఏడాది గడువు అయిపోయింది. మే నెల సెలవుల్లో వాళ్ళమ్మ మాట ప్రకారం పిల్లను ఆఫీసు వ్యాను ఎక్కించింది. నేను వెళ్ళి బతిమాలాను. "ఒక ఏడాది అంటిరి, ఇచ్చినా గదా టీచర్" అంది. ఆమె అన్నది అబద్ధం కాదు. ఆ నెలంతా బియ్యం బస్తాల గదికి తాళం వేసి, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఇంట్లో కూర్చున్నాను. మా ఆయన కూడా ప్యాసింజర్ మాట ఎత్తలేదు.

జూన్‌లో బడి తెరిచిన రోజు, ఇంకా గంట కొట్టకముందే, వాళ్ళమ్మ పిల్ల రెక్క పట్టుకుని లాక్కుంటూ వచ్చింది. మెడలో రేడియో సంచి ఊగుతోంది. ఆమె మొహం చిటపటలాడుతోంది.

"సూడండి టీచర్, ఎట్ల సెడగొట్టినారో. వ్యాను వస్తే తల ఎత్తుతాది. ఎవురన్నా దగ్గితే తల ఎత్తుతాది. అగ్గికట్టెలు పేర్చమంటే పక్కదాన్ని అది ఏం సప్పుడు, ఇది ఏం సప్పుడు అని అడుగుతాదంట. కణక్కుపిళ్ళై వద్దనేసినాడు. ఆ ఆఫీసర్ రెండోసారి వచ్చి రాసింది నిజమేతాన్. ఇంగ దీన్ని ఎవురూ పెట్టుకోరు."

పిల్ల చెయ్యి నా చేతిలో పెట్టింది.

"మీరే సెడగొట్టినారు, మీరే ఉంచుకోండి."